బాగుపడని కొత్త ట్రక్కును ఇంకొకరికి అంటగట్టకండి

కొత్త బండి కొన్న ఏడాది తిరక్కముందే మొరాయించడం మొదలెడితే మనవాళ్ల దగ్గర దొరికే సలహా ఒక్కటే: "ట్రేడ్-ఇన్ చేసి (డీలర్‌కే తిరిగిచ్చి, దాని విలువ ఇంకో బండి ధరలో తగ్గించుకుని) వదిలించుకో." డల్లాస్ చుట్టుపక్కల ఏ పుట్టినరోజు విందుకెళ్లినా, ఏ గుడి పార్కింగ్‌లో నాలుగు నిమిషాలు నిలబడినా ఇదే మాట. నాకూ ఇదే చెప్పారు. చెప్పినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. అయినా అది తప్పుడు సలహా అని నా గట్టి అభిప్రాయం. ఇలాంటి బండ్ల కోసమే ఈ అమెరికాలో లెమన్ లా అనే చట్టం ఉంది: పదే పదే రిపేరు చేసినా బాగుపడని కొత్త బండిని కంపెనీ వెనక్కి తీసుకోవాలనే చట్టం. ఉందని తెలిసి కూడా మనం దాని జోలికి పోవడం లేదు.

ముందు నా సంగతి. ఊరికి ఉత్తరాన కొంత నేల కొనుక్కున్నాం. వారాంతాల్లో బెండ, దోస, గోంగూర పండించి తెలిసిన కుటుంబాలకు, ఒకటి రెండు హోటళ్లకు ఇస్తుంటాం. ట్రైలర్ లాగడానికి ఫుల్ సైజ్ పికప్ ట్రక్కు కావాల్సి వచ్చింది. వారంటీ ఉంటుంది, నిశ్చింతగా ఉండొచ్చని కొత్తదే తీసుకున్నాం. కొద్ది నెలలకే హైవే మీద ఉన్నట్టుండి ఇంజిన్ శక్తి పడిపోవడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంటాను, ఇంజిన్ శక్తి తగ్గించామని డ్యాష్‌బోర్డు మీద మెసేజ్ వస్తుంది, వేగం చూస్తుండగానే జారిపోతుంది. వెనక పద్దెనిమిది చక్రాల లారీ, పక్క సీట్లో మా ఆవిడ. ఎలాగో రోడ్డు పక్కకు తీసి, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే శుభ్రంగా నడుస్తుంది. డీలర్ దగ్గరికి వెళ్లేసరికీ అలాగే శుభ్రంగా ఉంటుంది.

మొదట సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. తరవాత ఒక సెన్సర్ మార్చారు. ఆ తరవాత, సమస్య మాకు కనబడలేదని కాగితం మీద రాసి తాళాలు చేతికిచ్చారు. అక్కడి నుంచే మనవాళ్ల సలహాలు మొదలయ్యాయి.

లెమన్ లా అనగానే చాలామందికి వచ్చే మొదటి భయం: "ఏ పార్టు పాడైందో నేనెలా రుజువు చేస్తాను? నేనేమన్నా మెకానిక్‌నా?" ఈ భయం అక్కర్లేదు. బండిలో లోపం ఉందని, అది వారంటీ కిందికి వస్తుందని, దాని వల్ల వాడకానికో విలువకో గట్టి దెబ్బ తగిలిందని చూపించాలి, నిజమే. కానీ ఎందుకలా అవుతోందో కనిపెట్టే బాధ్యత మీది కాదు. బాగుచేయడానికి కంపెనీకి ఎన్ని అవకాశాలిచ్చారు, ఆ అవకాశాల్లో వాళ్లు బాగుచేశారా లేదా అన్నదే ఈ చట్టాల్లో అసలు ప్రశ్న. వాళ్ల ఇంజినీర్లకే అంతుపట్టని జబ్బును కొనుక్కున్నవాడు నిర్ధారించాలనడం న్యాయం కాదని గుర్తించిన చట్టాలివి.

ఇవి ఊరికే రాలేదు. 1975లో అమెరికా కాంగ్రెస్ మాగ్నూసన్-మాస్ వారంటీ చట్టం చేసింది. రాతపూర్వకంగా వారంటీ ఇచ్చినవాడు దాన్ని నిలబెట్టుకోవాలని, లేకపోతే కొన్నవాడు కోర్టుకు వెళ్లొచ్చని, గెలిస్తే లాయరు ఖర్చు కూడా రాబట్టుకోవచ్చని చెప్పింది. కానీ ఎన్ని రిపేర్ల తరవాత "ఇక చాలు" అనవచ్చో కార్లకు ప్రత్యేకంగా చెప్పలేదు. 1982లో కనెక్టికట్ రాష్ట్ర శాసనసభ్యుడు జాన్ వుడ్‌కాక్ చొరవతో ఆ లెక్క పెట్టిన మొదటి లెమన్ లా వచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా, మరుసటి ఏడాది టెక్సస్ అదే దారి పట్టాయి. ఇప్పుడు యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది.

టెక్సస్ లెక్క ఇది. బండి చేతికొచ్చిన మొదటి 24 నెలలు లేదా 24,000 మైళ్లు, ఏది ముందు వస్తే అది. ఆ లోపల ఒకే సమస్యకు నాలుగుసార్లు డీలర్ దగ్గర రిపేరుకు ఇచ్చినా బాగుపడకపోతే ఒక దారి. ప్రాణాపాయం తెచ్చే లోపమైతే రెండుసార్లు చాలు. బండిని అదుపులో ఉంచుకోవడానికి, మామూలుగా నడపడానికి గట్టిగా అడ్డుపడే ప్రాణాంతక లోపం, లేదా మంటలు రేగే ప్రమాదం ఉన్న లోపం ఈ రెండో దారిలోకి వస్తాయి. హైవే మీద శక్తి పడిపోవడం ఇందులోకే వస్తుందని నేను వాదించాను. మూడో దారి, బండి మొత్తం మీద 30 రోజులు రిపేరులో మూలపడి ఉండడం.

ఈ మూడో దారిలో ఒక మెలిక ఉంది. రిపేరు జరుగుతున్నప్పుడు మీ బండికి సరితూగే బండిని లోనర్‌గా, అంటే అప్పటిదాకా వాడుకోవడానికి, ఇస్తే ఆ రోజులు ముప్ఫైలోకి రావు. "సరితూగే" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ట్రైలర్ లాగే ట్రక్కును తీసుకుని చిన్న సెడాన్ ఇస్తే అది సరితూగుతుందా? నా దృష్టిలో సరితూగదు. అందుకే ఏ లోనర్ ఇచ్చారో మోడల్ పేరుతో సహా కాగితం మీద రాయించుకోవాలి, దానితో మీ పని జరగలేదని ఆ రోజే ఈమెయిల్ పెట్టాలి.

కాలిఫోర్నియాలో 18 నెలలు లేదా 18,000 మైళ్ల లోపల ఇలాంటి లెక్కే ఉంది. అక్కడ ఆ లెక్కలో పడితే కంపెనీకి తగినన్ని అవకాశాలిచ్చారని చట్టం మీకు అనుకూలంగా ముందే అనుకుంటుంది, అంతే. అంటే ఆ గడువు దాటిందని హక్కు పోదు, రుజువు భారం కాస్త పెరుగుతుంది. ట్రక్కులవాళ్లు అక్కడ ఇంకో సంగతి చూసుకోవాలి. బండిని వ్యాపారానికి వాడుతుంటే దాని స్థూల బరువు 10,000 పౌండ్ల లోపు ఉండాలి, మీ పేర ఐదుకు మించి బండ్లు ఉండకూడదు. పెద్ద హెవీ డ్యూటీ పికప్‌లు ఆ గీత దగ్గరే తచ్చాడుతుంటాయి. డోరు తెరిస్తే కనబడే స్టిక్కర్ మీద బరువు ఉంటుంది, ముందే చదువుకోండి. సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొన్నవాళ్లకు అక్కడ 2024 అక్టోబరులో పెద్ద దెబ్బ తగిలింది. పాత యజమాని నుంచి మిగిలిన కంపెనీ వారంటీ ఉన్నంత మాత్రాన అది ఈ చట్టం దృష్టిలో కొత్త వాహనం కాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు రోడ్రిగెజ్ కేసులో తేల్చింది. ఆ కేసులో బండి కూడా రెండేళ్ల పాత డాడ్జ్ ట్రక్కే.

చట్టం అవకాశాలను లెక్కపెడుతుంది సరే. ఆ లెక్క ఎక్కడ రాసి ఉంటుంది? డీలర్ ఇచ్చే రిపేర్ ఆర్డర్‌లో. రాసేది ఎవరు? సర్వీస్ అడ్వైజర్. మొత్తం పోరాటం ఆ కాగితం మీదే జరుగుతుంది.

మీరు "హైవే మీద 65 మైళ్ల వేగంలో శక్తి పోయింది, మెసేజ్ వచ్చింది, రెండు లేన్లు దాటి పక్కకు ఆపాల్సి వచ్చింది" అని చెబుతారు. కాగితం మీద "కస్టమర్ అప్పుడప్పుడు కుదుపు ఉందంటున్నారు" అని దిగుతుంది. ఇంకోసారి అదే ఫిర్యాదు "చెక్ ఇంజిన్ లైట్" అవుతుంది, మరోసారి "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం వచ్చారు" అవుతుంది. మీకు అది ఒకే జబ్బు. కాగితం చదివేవాడికి మూడు వేరు వేరు చిన్న సంగతులు. నాలుగుసార్ల లెక్క అక్కడే చెల్లాచెదురవుతుంది. కుట్రతో చేస్తారని నేననను. రోజంతా నిలబడి పదుల బండ్లు చూసుకునే మనిషి పొట్టిగా రాస్తాడు, వారంటీ క్లెయిమ్‌కు పనికొచ్చే భాషలో రాస్తాడు. కానీ నష్టం మాత్రం మీదే.

అందుకే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఫిర్యాదును ఇంట్లోనే నాలుగు వాక్యాల్లో టైప్ చేసి, ప్రతిసారీ అవే మాటలతో, ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. "ఇది ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి, లేదా ఈ కాగితాన్నే జత చేయండి" అని మర్యాదగా అడిగాను. సంతకం పెట్టేముందు చదివాను, తేడా ఉంటే దిద్దించాను. బండి తిరిగి తీసుకునేటప్పుడు ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, రెండు మైలేజీలు ఉన్నాయో లేదో చూశాను. "లోపమేమీ దొరకలేదు కాబట్టి రిపేర్ ఆర్డర్ లేదు" అంటే ఒప్పుకోకండి. దొరక్కపోయినా అది ఒక అవకాశమే, దానికీ కాగితం ఉండాలి.

సమస్య డీలర్ దగ్గర కనబడనప్పుడు వీడియో కావాలి. నడిపేవాళ్లు తీయకూడదు, పక్కన కూర్చున్నవాళ్లు తీయాలి. మా ఆవిడ తీసిన వీడియోలో వేగం ముల్లు, మెసేజ్, ఓడోమీటర్ మూడూ ఒకే చట్రంలో ఉన్నాయి. ఇంకొక పని కూడా చేయండి. కేంద్ర ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైటులో మీ మోడల్, సంవత్సరం కొట్టి చూడండి. మిగతా యజమానుల ఫిర్యాదులతో పాటు, కంపెనీ తన డీలర్లకు పంపిన సర్వీస్ బులెటిన్లు కూడా అక్కడ ఉంటాయి. మీ లక్షణాలతో బులెటిన్ కనబడిందంటే అది కంపెనీకి ముందే తెలిసిన జబ్బన్నమాట. ఆ బులెటిన్ నంబరు రిపేర్ ఆర్డర్‌లో రాయించండి. మీ ఫిర్యాదూ అక్కడ నమోదు చేయండి, తరవాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

ఆ తరవాత ఉత్తరం. డీలర్‌కు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, టెక్సస్‌లో తయారీ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్లకు బాగుచేసే అవకాశం ఇవ్వాలి. వారంటీ పుస్తకంలో ఉన్న చిరునామాకు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. ఆ ఉత్తరం వెళ్లాకే మా డీలర్ దగ్గరికి కంపెనీ ఫీల్డ్ ఇంజినీరు వచ్చాడు. అంతకుముందు ఎంత అడిగినా రాని మనిషి.

"అంత పెద్ద కంపెనీ, అంత మంచి పేరు, లోపం ఉంటే వాళ్లే చెప్పరా" అని మా బావగారు అన్నారు. పేరుకేం, పేరున్నవాళ్లకే జరిగింది. నమ్మకానికి మారుపేరుగా చెప్పుకునే టొయోటా 2024 మేలో 2022, 2023 మోడళ్ల టండ్రా ట్రక్కులు, లెక్సస్ ఎల్ఎక్స్‌లు కలిపి లక్షకు పైగా వెనక్కి పిలిచింది. ఇంజిన్ తయారీలో మిగిలిపోయిన లోహపు రజను లోపలే ఉండిపోయిందన్నది కారణం. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 2021 నుంచి 2024 వరకు 6.2 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన సిల్వరాడో, సియెర్రా ట్రక్కులు, అదే ఇంజిన్ ఉన్న పెద్ద ఎస్‌యూవీలు కలిపి అమెరికాలోనే దాదాపు 6 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించింది. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్లలో లోపాలు. పరీక్షలో నెగ్గిన ఇంజిన్లకు చిక్కటి ఆయిల్ పోసి పంపాలని అందులో ఉంది. ఇలాంటి రీకాల్‌ మీద మీకు నమ్మకం కుదరకపోవచ్చు, కుదరవచ్చు. కానీ రీకాల్ రిపేరు అయ్యాక కూడా అదే జబ్బు తిరగబెడితే, రీకాల్ అయిందన్న కారణంతో మీ లెమన్ లా హక్కు ఎక్కడికీ పోదు.

మనవాళ్లలో మరో భయం ఉంది. పైకి చెప్పరు. "హెచ్-1బీ మీద ఉన్నాం, గ్రీన్ కార్డు పెండింగ్‌లో ఉంది, ఇప్పుడు గవర్నమెంటు ఆఫీసులో కేసు ఎందుకు?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఇది వినియోగదారు ఫిర్యాదు. టెక్సస్‌లో వినేది మోటారు వాహనాల శాఖ. నేరం ఊసు లేదు, ఇమ్మిగ్రేషన్‌తో సంబంధం లేదు. బండి కొన్నవాళ్లకు, లీజుకు తీసుకున్నవాళ్లకు చట్టం ఇచ్చిన హక్కు ఇది, పౌరసత్వం ఇందులో షరతు కాదు. టాక్సు కట్టేటప్పుడు రూపాయి తేడా రానివ్వని మనం, అదే రాష్ట్రం మనకిచ్చిన రక్షణను అడగడానికి ఎందుకు జంకాలి? ఫిర్యాదు రుసుము 35 డాలర్లు. లాయరు తప్పనిసరి కాదు.

లాయర్ల విషయంలో నా అభిప్రాయం కొంచెం మిశ్రమంగా ఉంది. కాలిఫోర్నియాలో గెలిచినవాళ్ల లాయరు ఫీజు కంపెనీయే కట్టాలి, కావాలనే చట్టాన్ని పెడచెవిన పెట్టిందని తేలితే నష్టానికి రెండింతల దాకా అదనపు జరిమానా పడుతుంది. అందుకే అక్కడ సామాన్యుడు కూడా పైసా పెట్టకుండా పెద్ద కంపెనీని కోర్టుకీడ్చగలడు, అది గొప్ప విషయం. కేసులు విపరీతంగా పెరిగాయని, కొందరు లాయర్లు ఫీజు కోసం సాగదీస్తున్నారని కంపెనీలు మొత్తుకున్నాయి. 2024లో ఏబీ 1755 అనే కొత్త పద్ధతి తెచ్చారు. ఆ జరిమానా కోరాలంటే కేసుకు 30 రోజుల ముందు కంపెనీకి రాతపూర్వకంగా నోటీసివ్వాలి, ఎక్స్‌ప్రెస్ వారంటీ (కంపెనీ రాసిచ్చిన వారంటీ) ముగిసిన ఏడాదిలోపే కేసు వేయాలి. 2025లో దాన్ని మళ్లీ సవరించి, ఒప్పుకున్న కంపెనీలకే ఈ పద్ధతి వర్తించేలా చేశారు. కాబట్టి కాలిఫోర్నియా బే ఏరియాలో ఉన్నవాళ్లు తమ బండి కంపెనీ ఆ జాబితాలో ఉందో లేదో ముందు తెలుసుకోవాలి. ఒకే రాష్ట్రంలో బ్రాండును బట్టి గడువు మారడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అక్కడుంటే నేను లాయరు దగ్గరికే వెళతాను. టెక్సస్‌లో మాత్రం మీ కాగితాలు వరసగా ఉంటే మీరే వాదించుకోగలరు, నేను వాదించుకున్నాను.

ట్రక్కు యజమానులకు వేరే చిక్కు: మార్పులు. లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, ఇంజిన్ ట్యూనింగ్. కంపెనీ అనుమతి లేకుండా యజమాని చేసిన మార్పుల వల్ల వచ్చిన లోపాలకు చట్టం వర్తించదు, కంపెనీ మొదట వెతికేది దాన్నే. బయటి పార్టు బిగించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు కాదు, ఆ పార్టు వల్లే చెడిందని వాళ్లు చూపించాలి. అయినా గొడవ నడుస్తున్నంత కాలం బండికి ఏ మార్పూ చేయకుండా ఉంచడం మంచిది. ఆయిల్ మార్చిన రసీదులన్నీ ఒకచోట పెట్టండి.

ఇక నేను మొదట్లో చెప్పిన ట్రేడ్-ఇన్ సలహా. నష్టం ఎవరికి? మీకు కొంత, నిజమే. కానీ అసలు నష్టం మీ తరవాత ఆ బండి కొనేవాడికి. ఏ లోపమూ కాగితం మీద లేని మెరిసే ట్రక్కుగా అది లాట్‌లో నిలబడుతుంది. కొనేది బహుశా కొత్త బండి కొనే స్తోమత లేని కుటుంబం. హైవే మీద శక్తి పోయేటప్పుడు వెనక సీట్లో వాళ్ల పిల్లలుంటారు. వదిలించుకోవడం అంటే ప్రమాదాన్ని చేతులు మార్చడమే. పాము దూరిన చెప్పును గుడి ముందు వదిలేసి వచ్చినట్టు, అవతలివాడి కాలికి ఏమవుతుందో చూడకుండా వెళ్లిపోవడం. టెక్సస్ శాఖ ఆదేశంతో కంపెనీ వెనక్కి తీసుకున్న బండిని మళ్లీ అమ్మాలంటే లోపాన్ని బాగుచేయాలి, ఎందుకు వెనక్కి తీసుకున్నారో తెలిపే పత్రం ఇవ్వాలి, కనీసం 12 నెలలు లేదా 12,000 మైళ్ల వారంటీ ఇవ్వాలి. కాలిఫోర్నియాలో టైటిల్ మీదే లెమన్ లా బైబ్యాక్ అని ముద్ర పడుతుంది, డ్రైవర్ వైపు డోరు చట్రం మీద స్టిక్కర్ అంటిస్తారు. కొనేవాడు తెలిసే కొంటాడు.

అందుకే మోటారు వాహనాల శాఖలో నా ఫిర్యాదు హియరింగ్‌కు ముందు కంపెనీ నుంచి "కొంత డబ్బు ఇస్తాం, వారంటీ పొడిగిస్తాం, బండి మీరే ఉంచుకోండి" అన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఒప్పుకోలేదు. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లను తప్పుపట్టను. ఈఎంఐలు, ఉద్యోగం, పిల్లల మధ్య ఎంత విసిగిపోతామో నాకు తెలుసు. కానీ అలా ముగిస్తే ఆ బండి చరిత్ర తెల్లకాగితంలా మిగిలిపోతుంది.

మనూరి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. విజయవాడ ఆటోనగర్ దగ్గర లారీ పెట్టుకున్న మా పెద్దమ్మ కొడుకుతో దీని గురించి మాట్లాడితే, "అన్నయ్యా, మాకు అలాంటిదేమీ లేదా?" అని అడిగాడు. సూటిగా లేదనే చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. కానీ ఇన్నిసార్లు రిపేరు చేసి బాగుచేయకపోతే బండి వెనక్కి తీసుకోవాలన్న లెక్క అందులో లేదు. తయారీ లోపమని రుజువు చేసే భారం చాలావరకు కొన్నవాడి మీదే పడుతుంది, నిపుణుడి నివేదిక అడుగుతారు. 2006లో సుప్రీంకోర్టు ఒక మారుతి కారు కేసులో, వారంటీ షరతు ప్రకారం చెడిన భాగాన్ని మార్చడమే కంపెనీ బాధ్యత అంటూ కారు మొత్తం మార్చాలన్న ఆదేశాన్ని కొట్టేసింది. లారీ అయితే ముందు "వాణిజ్య ప్రయోజనం" అనే అడ్డంకి. సొంత జీవనోపాధికి తానే నడుపుకునే బండి అని చూపిస్తేనే వినియోగదారుడవుతాడు. అప్పు చేసి టిప్పర్ కొన్న డ్రైవరుకు నాలుగుసార్ల లెక్క మనకన్నా ఎక్కువ అవసరం. తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో ఈ మాట ఎత్తాలని నా కోరిక.

నా ఫిర్యాదు హియరింగ్ దాకా వెళ్లింది. శాఖ తరఫున విచారించే ఎగ్జామినర్ రిపేర్ ఆర్డర్లు తేదీల వారీగా చదివారు, వీడియో చూశారు, బండి నడిపి చూశారు. ఆ రోజు కూడా అది శుభ్రంగానే నడిచింది. అయినా కాగితాలు మాట్లాడాయి, బండి వెనక్కి తీసుకోవాలని ఆదేశం వచ్చింది. వాడుకున్నందుకు కొంత కోత పడింది, అది న్యాయమే. ఆ లెక్కకు సాధారణంగా బండి ఆయుష్షు 1,20,000 మైళ్లుగా తీసుకుంటారు. కాలిఫోర్నియాలో అయితే మొదటిసారి రిపేరుకు ఇచ్చేనాటికి తిరిగిన మైళ్లకే కోత. 60,000 డాలర్ల ట్రక్కు 3,000 మైళ్ల దగ్గర మొదటిసారి రిపేరుకు వెళితే 1,500 డాలర్లు. టెక్సస్‌లో ఆ తరవాతి మైళ్లకూ సగం చొప్పున పడుతుంది. అందుకే మొదటి లక్షణం కనబడగానే, "ఈసారికి చూద్దాంలే" అనుకోకుండా డీలర్ దగ్గర రాయించడం అంత ముఖ్యం.

టెక్సస్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు: వారంటీ ముగియడం, 24 నెలలు, 24,000 మైళ్లు, వీటిలో ముందుగా వచ్చినదాని తరవాత ఆరు నెలలు. రోజూ ఫ్రిస్కో నుంచి డల్లాస్ డౌన్‌టౌన్‌కు వెళ్లొచ్చేవాళ్లకు 24,000 మైళ్లు రెండేళ్లకు చాలా ముందే వచ్చేస్తాయి. ఆ గడువు దాటి, వారంటీ ఇంకా ఉంటే అదే శాఖలో రిపేరు కోసం మాత్రమే ఫిర్యాదు చేయగలరు, డబ్బు వెనక్కి రాదు. మీ ట్రక్కు ఇలా ఏడిపిస్తుంటే ఈ రాత్రే ఓడోమీటర్ చూసుకోండి, రిపేర్ ఆర్డర్లన్నీ వరసలో పెట్టుకోండి, లేనివాటి కాపీలు రేపే డీలర్‌ను అడగండి.